లస్కరు గారూ, ఎన్నో మెట్టండీ?

లాజరు ఇరవయ్యేడేళ్ళుగా వశిష్ఠ గోదావరి ఏటిగట్టు మీద లస్కరు. ఎండాకాలం తూము తలుపులకి గ్రీజు రాయడం, గట్టులో ఎలుక బొరియలు పూడ్చడం, వానాకాలం ఏట్లో నీళ్ళెంత ఉన్నాయో చూసి ఆఫీసుకి చెప్పడం ఆయన పని. పాలకొల్లు రోడ్డుకి దూరంగా, గట్టు మీదే ఒక గది. భార్య సూరమ్మ పోయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. అన్నం వండేటప్పుడు సూరమ్మ గిన్నెలో వేలు పెట్టి, నీళ్ళు కణుపు దాకా వచ్చాయో లేదో చూసుకునేది. ఆయనా అలాగే పెడతాడు. ఆయన వేలు పొడుగు, కణుపు పైకుంటుంది. అన్నం ముద్దవుతుంది. గ్లాసుతో కొలుచుకోమని చర్చిలో ఎవరో చెప్పారు. గ్లాసు ఉంది. అయినా వేలే పెడతాడు.

ఏడాదిలో తొమ్మిది నెలలు ఆయన్ని పలకరించేవాళ్ళు తక్కువ. వరద మొదలైందంటే మాత్రం ఫోను ఆగేది కాదు. గట్టు కింద ఊళ్ళో రైతులు, ఎదురుగా ఏట్లో ఉన్న లంక మనుషులు, పడవ నడిపే దొరబాబు, అందరిదీ ఒకటే ప్రశ్న. "ఎన్నడుగులుందండీ?" గట్టు అంచున పాతిన రాతి స్తంభం మీద అడుగులూ అంగుళాలూ నల్ల రంగుతో రాసుండేవి. లాజరు చూసి చెప్పేవాడు. ఎనిమిదడుగులంటే జాగ్రత్త. పదడుగులంటే లంక వెనక పల్లపు పాయలోకి నీళ్ళు దూరతాయి. పన్నెండంటే ఇళ్ళు ఖాళీ చెయ్యాలి. ఎవరూ వివరం అడిగేవారు కాదు. అంకె వినగానే ఎవరి పని వాళ్ళకి తెలిసిపోయేది.

లంకలో పెద్దింట్లమ్మకి మాత్రం అడుగులు పట్టవు. ఆవిడ చేపలమ్ముకుని బతికే మనిషి. భర్త చేపల వేటకి వెళ్ళి మళ్ళీ రాలేదు. నాలుగు మేకలతో లంక మధ్యలో ఒక్కతే ఉంటుంది. రేవు ఆవిడ ఇంటికి దూరం, మోకాళ్ళ నొప్పులు. పొద్దున్నే ఫోను చేసేది.

"లస్కరు గారూ, ఇయ్యాల ఎన్నో మెట్టండీ?"

ఆవిడ లెక్క లంక రేవు మెట్లు, కింది నుంచి పైకి. మూడు మెట్లకి రెండడుగులు చొప్పున లాజరు మనసులో ఒక పట్టీ వేసుకున్నాడు.

"ఆరో మెట్టు మీదుందమ్మా. సాయంత్రానికి ఏడోది మునుగుద్ది."

"ఆయ్. టీ తాగేరా?"

"తాగేనమ్మా."

అంతే మాట. వరద ఉన్నన్నాళ్ళూ రోజూ అంతే. ఆవిడని ఎదురుగా చూసింది నాలుగైదు సార్లు.

ఓ ఏడాది ఎండల్లో ఆఫీసువాళ్ళు వచ్చి స్తంభానికి కొత్త రేకులు బిగించారు. తెల్ల రేకు మీద మీటర్లు, సెంటీమీటర్లు. పాత అడుగుల అంకెల మీద సున్నం కొట్టేశారు. కొత్తగా చేరిన ఇంజనీరు హారతి గారు ఓపిగ్గా చెప్పింది.

"అన్ని గేజీలూ మీటర్లలోకి మారుస్తున్నామండీ లాజరు గారూ. మీరు చూసిన అంకె ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే చాలు."

"ఊళ్ళోవాళ్ళు అడుగుల్లో అడుగుతారు గదండీ మేడం."

"మెల్లిగా అలవాటవుతారండి."

లాజరు మీటరుకి మూడడుగుల మూడంగుళాల చొప్పున ఒక కాగితం మీద రాసుకుని గోడకి అంటించుకున్నాడు. అడిగినవాళ్ళకి మార్చి చెప్పొచ్చనుకున్నాడు.

జూన్‌లో ఎరువుల కొట్టు గణేష్‌బాబు గట్టు మీదకి వచ్చాడు. మంచివాడు, ఊరి పనుల్లో ముందుంటాడు. "నన్ను కూడా మీ గ్రూపులో వేయించుకున్నానండీ. మీరు పెట్టింది పెట్టినట్టు మా ఊరి గ్రూపులో, లంకవాళ్ళ గ్రూపులో వేసేస్తాను. ఇకమీదట మీకు ఫోన్ల గోల ఉండదండి" అన్నాడు.

"మంచిదే బాబూ" అన్నాడు లాజరు. మీటర్ల సంగతి అప్పుడే చెప్పాల్సింది. గోల ఉండదన్న మాట దగ్గరే ఆయన మనసు ఆగిపోయింది. అతను బండెక్కి వెళ్ళిపోయే దాకా ఇంకేదీ తోచలేదు.

జూలై ఆఖర్లో మొదటి వరద వచ్చింది. పొద్దున్న ఆరింటికి లాజరు గట్టు మెట్లు దిగి రేకు చూశాడు. 2.40. అంటే ఎనిమిదడుగులకి ఒకటిన్నర అంగుళం తక్కువ. గ్రూపులో అంకె ఒక్కటే పెట్టాడు. ఆఫీసువాళ్ళకి అది మీటర్లని తెలుసు. ఫోను కిటికీలో పెట్టుకుని కూర్చున్నాడు. వేరే ఏడాదైతే ఈ పాటికి ఇరవై ఫోన్లు వచ్చేవి.

మోగలేదు.

తొమ్మిదింటికి 2.72 పెట్టాడు. ఎవరూ చెయ్యలేదు. పెద్దింట్లమ్మ కూడా చెయ్యలేదు. అందరికీ గ్రూపుంది, నాతో పనేముంది అనుకున్నాడు. కాస్త కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ముద్దన్నంలో మజ్జిగ పోసుకుని తిన్నాడు. పదకొండున్నరకి మళ్ళీ చూస్తే 3.05. పెట్టాడు.

అప్పుడే దొరబాబు ఇంజను పడవ గట్టుకి చేర్చి, డీజిలు డబ్బా పట్టుకుని పైకొచ్చాడు.

"నీరు జోరుగా ఉంది దొరా. పడవ కట్టేస్తావా?" అడిగాడు లాజరు.

"అప్పుడే ఎందుకండీ? జోరుంది గానీ ఇంకా మూడడుగులే గదా. సాయంత్రం దాకా తిప్పుతాను."

"మూడడుగులేంటి? ఎవరన్నారు?"

"మీరే గదండీ. గ్రూపులో చూశాను, ఇదిగో." ఫోను తీసి చూపించాడు. గణేష్‌బాబు పంపిన 3.05. దాని కింద లంకవాళ్ళెవరో, 'కంగారు లేదు' అని రాశారు.

లాజరు ఫోను చేతిలోకి తీసుకుని చూశాడు. "అవి మీటర్లు దొరా. పదడుగులు. ఏరు పదడుగులుంది" అన్నాడు.

వెంటనే గణేష్‌బాబుకి చేశాడు. అతను "అయ్యో" అని పెట్టేసి, గుడి మైకులో చెప్పించడానికి పరిగెత్తాడు. లాజరు పెద్దింట్లమ్మకి చేశాడు. స్విచాఫ్. లంకలో రాత్రి నుంచీ కరెంటు లేదు. రెండోసారి చెయ్యకుండానే పడవెక్కాడు.

లంక రేవులో పద్నాలుగో మెట్టు మునిగింది. లోపలికి వెళ్ళేసరికి పల్లపు పాయ పొంగి దారి మీద తొడల్లోతు పారుతోంది. పెద్దింట్లమ్మ ఇంటి అరుగు మీద నిలబడి ఉంది. చంకలో ఒక మేకపిల్ల, పక్కన తడిసిన పెద్ద మేక. మిగతా రెండింటినీ పొద్దున పల్లంలో మేతకి కట్టేసి వచ్చిందట. నీళ్ళు చూసి వెళ్ళేటప్పటికే వాటి తాళ్ళు కూడా కనబడలేదు.

దొరబాబు ఆవిడ్ని భుజం పట్టుకుని పడవ దాకా నడిపించాడు. మేకల్ని లాజరు మోశాడు. పడవ సగం ఏరు దాటాక ఆయన అన్నాడు.

"తప్పు నాదమ్మా. అంకె పక్కన మీటర్లని రాయలేదు."

ఆవిడ నీళ్ళ వైపు చూస్తూనే అంది. "పొద్దున్న మీకు చేద్దామనే అనుకున్నానండీ. పక్కింటివాళ్ళు మూడడుగులేనన్నారు. లస్కరు గారే పెట్టారన్నారు. మళ్ళీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకున్నాను."

లాజరు మేకపిల్లని ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

సాయంత్రానికి లంక అంతా గట్టు మీది బడిలోకి చేరింది. మనుషులకి ఏమీ కాలేదు. మేకలూ, కోళ్ళూ, రెండు పెయ్యలూ పోయాయి. హారతి గారు వచ్చింది, కేకలెయ్యలేదు. "నేనూ ఆలోచించాల్సిందండి" అంది. మర్నాటి నుంచి అంకె పక్కన మీటర్లని రాయమంది. ఊరి కోసం అడుగుల్లో కూడా చెప్పమంది. లాజరు పూటపూటకీ గొంతు రికార్డు చేసి పంపేవాడు. "మీటర్లలో ఇంత. అడుగుల్లో ఇంత. లంక రేవు ఫలానా మెట్టు." దాని కింద బొటనవేలి బొమ్మలు వరసగా వచ్చేవి. ఫోను మాత్రం మోగేది కాదు.

కార్తీకంలో ఏరు తగ్గాక, లాజరు దొరబాబు పడవలో లంకకి వెళ్ళాడు. పెద్దింట్లమ్మ వల దులుపుతోంది. అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టింది. ఇద్దరికీ మాటలు త్వరగా అయిపోయాయి. వెళ్ళొస్తానని లేచాక ఆవిడ రేవు దాకా వచ్చింది, మెల్లిగా, మోకాలు పట్టుకుంటూ.

లాజరు అంతకుముందు లంకకి వచ్చిందల్లా వరదల్లోనే; ఇవాళ ఎక్కేటప్పుడు గమనించని మెట్లని ఇప్పుడు నీళ్ళు లేకుండా చూశాడు. పై మెట్లు ఎత్తుగా ఉన్నాయి, అడుక్కి పోయేకొద్దీ పొట్టిగా. ఒకదానికొకటి పొంతన లేదు. మూడు మెట్లకి రెండడుగులన్న ఆయన పట్టీ ఎక్కడా సరిపోదు.

"ఇదేంటమ్మా, నేను చెప్పిన మెట్లు తప్పయ్యుండాలే!"

"ఎప్పుడూ ఒకటో రెండో తేడా వచ్చేదండీ" అంది ఆవిడ. "రేవుకెళ్ళొచ్చినవాళ్ళు చెప్పేవారు. నేను సర్దుకునేదాన్ని."

"ఒక్కసారీ చెప్పలేదే. మరెందుకు అడిగేవారు?"

"మీరు ఫోనెత్తేవారు గదండీ."

దొరబాబు ఇంజను తిప్పాడు. ఆ చప్పుడులో ఆవిడ ఇంకో మాట చెప్పింది. మాఘమాసంలో యానాం వెళ్ళిపోతోంది, చెల్లెలి కూతురు బేబీ దగ్గరకి. ఇక్కడ ఇంకో వరద చూసే ఓపిక లేదంది. లాజరు తలూపాడు. నంబరు మారితే చెప్పమందామనుకున్నాడు, పడవ అప్పటికే కదిలింది.

మరుసటి జూలైలో ఏరు మళ్ళీ ఎర్రబడింది. లాజరు పొద్దున్నే దిగి రేకు చూసి, మీటర్లలో పెట్టాడు, అడుగుల్లో చెప్పాడు. మెట్ల దగ్గరకొచ్చేసరికి ఆగాడు. లంకలో మెట్లు అడిగే మనిషి ఇప్పుడు లేదు. అక్కడితో రికార్డు ఆపి పంపించి, పొయ్యి వెలిగించడానికి గదిలోకి వెళ్ళాడు.