గేటు బయట మామ

మామ పోయాడని మొన్న తెల్లారుతూనే ఫోనొచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. ఇనప రాడ్లకు పడిపోని మనిషి మంచంమీద పోయాడంటే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరిమీదో తెలీదు.

మామంటే మా అమ్మ తమ్ముడు. పాత పేట గరడి మనెలో, అంటే తాలింఖానాలో, కుస్తీ పట్టిన ఒళ్లు. నోటికంటే ముందు చెయ్యి లేచేది. పెళ్లిలో వడ్డన ఆలస్యమైనా ఎవడో ఒకడి చెంప పగలాల్సిందే. ఆయన ప్రేమించి చేసుకున్న అత్త చర్చికి పోయేది. మడివాళ సంత వెనక వాళ్ల చర్చి స్థలం తుప్పలతో, చెత్తతో నిండిపోతే, తొంభైల చివర్లో ప్రతి శనివారం కొందరం చేరి బాగుచేసేవాళ్లం. గుళ్లకు పోయే మేమూ వెళ్లేవాళ్లం. అత్త పిలిస్తే కాదనే ధైర్యం ఎవరికుంది? ముళ్లకంప కొట్టాం, హొంగె మొక్కలు, అదే కానుగ మొక్కలు నాటాం, చుట్టూ గోడ లేపుతున్నాం. "కుస్తీ అయినా గుంత అయినా నడుము వంగాలప్పా" అంటూ అందరికంటే ఎక్కువ తవ్వేది మామే. ఆయన్ను రానిచ్చేముందే అత్త మాట తీసుకుంది, ఆ కాంపౌండులో ఎవరిమీదా చెయ్యెత్తకూడదని.

ఆ స్థలం మీద ఒక భూముల బ్రోకరు కన్నుపడింది. ఒక శనివారం వాడి మనుషులు జీపులో దిగారు. గోడ తన్ని పడేశారు, మొక్కలు పీకేశారు, పాస్టరుగారి కాలరు పట్టుకున్నారు. అడ్డుపోయిన మామ నెత్తిమీద ఒకడు రాడ్డుతో కొట్టాడు. నెత్తురు కళ్లలోకి కారుతున్నా మామ చెయ్యెత్తలేదు. వాణ్ణి నడుం పట్టి, మూటలా భుజాన వేసుకుని, గేటు దాటించి, రోడ్డుమీద దించి, అప్పుడు కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు నాకు వినిపించింది. మళ్లీ లోపలికొచ్చి రెండోవాణ్ణి ఎత్తుకున్నాడు.

"లోపల కదప్పా మాటిచ్చిండేది! ఇది రోడ్డు!" అని మాకేసి అరిచాడు మామ.

మిగతావాళ్లు వాళ్ల కాళ్లతోనే పరిగెత్తారు. మేం ఈలలు వేశాం. నిజం చెప్పొద్దూ, నాకైతే పండగలా ఉండింది.

అత్త నవ్వలేదు. మామ తలకు కట్టు కడుతూ, "దేవుడు గేటుకాడే నిలిచిపోతాడా ఏమయ్యా? ఆ పిల్లోడు ఇంక ముద్ద ఎట్ల నములుతాడు? ఇంకోసారి ఎవురిమీదన్నా చెయ్యేస్తివా, నీకూ నాకూ మాటల్లేవు" అంది. మామ తల దించుకోవడం నేను అప్పుడే చూశాను.

గోడ మళ్లీ లేపాం. వాళ్లూ మళ్లీ వచ్చారు, ఈసారి రెండు జీపుల్లో. మామ ఒక్కడే బయటికిపోయి, గేటు మూసి, దానికి వీపు ఆనించి, చేతులు వెనక్కిపెట్టి కడ్డీలు పట్టుకున్నాడు. మోకాళ్లమీద కొట్టారు, పక్కటెముకలమీద కొట్టారు. "కొట్టు మామా!" అని లోపలినుంచి గొంతు చించుకున్నాను. గేటు తోద్దామంటే ఆయన బరువుకు కదల్లేదు. సంతలో కూరగాయలమ్మే ఆడవాళ్లు చూసిచూసి, తట్టలు దించి, తూకంరాళ్లతో వాళ్లమీద పడ్డారు. అంతే, ఆ ముఠా మళ్లీ ఆ దిక్కు రాలేదు. స్థలం ఇవాళ్టికీ చర్చిదే.

మామ గేటుకు ఆనుకునే కిందికి జారాడు. కడ్డీలు మాత్రం వదల్లేదు. నోట్లో నెత్తురు ఉమ్మి, "మీ అత్త చూసినాదా అల్లుడా? నేను కొట్టలే" అన్నాడు.

అత్త ఇవతల మట్టిలో కూలబడి, కడ్డీలకు బిగుసుకుపోయిన ఆ వేళ్లమీద చెయ్యి వేసింది.

"చూసినాలే. ఇంక వదులయ్యా" అంది.

నెత్తురోడుతున్న ఆ వేళ్లు ఒక్కొక్కటే సడలి, ఆమె అరచేతిలో వాలాయి.