గుండుగారి కుర్చీ

ఆ వీధిలో ఎవరిని అడిగినా సెలూను బాబాయి దుకాణం చూపిస్తారు. పిల్లలకీ ఆయన బాబాయే, పెద్దలకీ బాబాయే. ఆయనకంటే వయసులో పెద్దవారైన లెక్కల మాస్టారు కూడా "ఏం బాబాయ్, కత్తి పదునుగా ఉందా?" అంటూనే లోపలికి వస్తారు. దుకాణం ఏమంత పెద్దది కాదు, ఇంటి ముందుగదే. గోడకి పెద్ద అద్దం, దాని కింద దువ్వెనలూ కత్తెరలూ పరిచిన పలక, కాచుకునేవాళ్ళకి ఒక బల్ల, వంటింట్లోకి వెళ్ళే దారికి అడ్డంగా ఒక తెర. గది నడిమధ్యన మాత్రం బాబాయి తండ్రి నాటి కుర్చీ ఉంది. ఇనప కాళ్ళు, తోలు దిండ్లు, పక్కన ఒక పిడి. ఆ పిడి లాగితే కుర్చీ వీపు మెత్తగా వెనక్కి వాలిపోతుంది.

ఆ వాల్చడంలోనే ఉంది బాబాయి ప్రతాపమంతా. జుట్టు కత్తిరించడం ఎవడైనా కత్తిరిస్తాడు. బాబాయి మాత్రం కుడిచేత్తో మెడకి గుడ్డ చుడుతూనే ఎడమచేత్తో పిడి లాగేస్తాడు, తల దిండుమీదికి చేరుస్తాడు, చెవుల వెనక రెండు వేళ్ళతో అలా నిమురుతాడు. అంతే, మనిషి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతాడు. మాస్టారైతే గడ్డం పూర్తయినా లేవరు. గురకపెట్టి బల్లమీదివాళ్ళ సహనాన్ని పరీక్షిస్తారు.

"నా చేతికింద మెలకువగా ఉన్న మనిషి ఇంతవరకు పుట్టలేదు" అని బాబాయి గొప్పలు పోతాడు.

"ఎందుకు పుట్టలేదూ, నేనున్నాగా! మీ కబుర్లు వింటూ పెళ్ళైన దగ్గర్నుంచీ మెలకువగానే ఉన్నా" అని తెరవెనక నుంచి పిన్ని అందుకుంటుంది. ఆవిడ బాబాయి భార్య. ఆవిడ మాటకి ఎదురు చెప్పే ధైర్యం బాబాయి కత్తికి కూడా లేదు.

ఆ ఇంట్లో మూడోవాడు గుండు. గుండు కుక్క. దుకాణం మెట్టు పక్కన దొరికిననాడు ఒళ్ళంతా గజ్జి, వెతికినా ఒక్క వెంట్రుక లేదు. "ఎవడో వచ్చి గుండు చేయించుకుని, నీకు చెప్పకుండా మెట్టుమీద పడుకున్నాడోయ్" అన్నారు మాస్టారు. ఆ మాటే పేరై కూర్చుంది. తర్వాత పిన్ని మందులు రాసి, స్నానాలు చేయించి, తిట్టి, ముద్దుచేసి వాణ్ని నిలబెట్టింది. ఇప్పుడు వాడికున్న జుట్టు చూస్తే వీధిలో బట్టతల వాళ్ళందరికీ కడుపుమంట. పేరు మాత్రం మారలేదు. కొత్తవాళ్ళు వచ్చి గుండు ఎవరని అడిగితే బాబాయి ఆ బొచ్చుకుక్కని చూపించి, వాళ్ళ మొహాలు చూసి ముచ్చటపడతాడు.

అలాంటి గుండు తిన్నది తిన్నట్టు కక్కడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆత్రం అనుకున్నారు. "మెల్లగా తినరా, నీ నోటి దగ్గరిది ఎవరూ లాక్కోరు" అని పిన్ని మందలించేది. వాడు తలవంచుకుని వినేవాడు, మళ్ళీ కక్కేవాడు. నెల తిరిగేసరికి బొచ్చు కింద ఎముకలు చేతికి తగిలాయి. చెయ్యి పెట్టి తలలు, మెడలు చూసే వృత్తి బాబాయిది. ఆ ఎముకలు వేళ్ళకి తగిలిననాడు ఆయన ఇక ఆగలేదు. దుకాణం తలుపు దగ్గరికి వేసి వాణ్ని ఎత్తుకుని కుక్కల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

డాక్టరమ్మ వయసులో చిన్నది, ఓపికలో పెద్దది. ఆవిడ ఆసుపత్రిలో ఒక ఉక్కు బల్ల, నేలమీద బరువు తూచే పలక, గోడనిండా పిల్లుల ఫొటోలు. ఎక్స్‌రే తీసి, వెలుగులో పెట్టి చూపించింది.

"తిండి కడుపులోకి దిగే గొట్టం ఉంటుంది కదా బాబాయ్ గారూ, అది సాగిపోయింది. పాత పైజామాలో ఎలాస్టిక్ ఎలా ఉంటుంది? అలా. తిన్నది కిందికి తొయ్యలేదు. మధ్యలో నిలబడిపోయి వెనక్కి వస్తుంది."

"ఎలాస్టిక్ మార్చేద్దాం తల్లీ!"

"మార్చడానికి వీల్లేదు. ఇది పోయే జబ్బు కాదు, బతికినంత కాలం ఉంటుంది. కానీ దీంతో హాయిగా బతికే కుక్కలున్నాయి. తిండి మెత్తగా చేసి పెట్టండి. తినేటప్పుడూ, తిన్నాక అరగంటా మనిషిలా నిటారుగా కూర్చోబెట్టండి. గొట్టం తొయ్యకపోయినా తిండి తన బరువుకి తనే దిగుతుంది. పడుకోబెట్టారో, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాకు భయం దాంతోనే."

నిటారుగా అన్న మాట పిన్ని గట్టిగా పట్టుకుంది. వంటింటి గోడకి ఆనుకుని కూర్చుని, గుండుని ఒళ్ళో నిలువుగా హత్తుకుని, తినిపించి, అరగంటా అలాగే ఉండేది. కక్కడం ఆగింది. వాడు మళ్ళీ వీధిలో స్కూటర్లని తిట్టడం మొదలెట్టాడు. కానీ పిన్ని నడుము పట్టేసింది. ఒకరోజు గుండుని దింపాక ఆవిడ లేవలేక గోడ పట్టుకుని "ఏవండీ" అని పిలిస్తే, బాబాయి వచ్చి ఇద్దరినీ చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఇంట్లో అంత కుర్చీ పెట్టుకుని నీ నడుమెందుకే విరగ్గొట్టుకోవడం!"

ఆ మాటతో గుండుకి యోగం పట్టింది. పూటపూటా భోజనం కుర్చీలోనే. బాబాయి ముందరికాళ్ళ కింద చెయ్యి వేసి కూర్చోబెడతాడు, మెడకి గుడ్డ కడతాడు, ముద్దలు ముద్దలుగా తినిపిస్తాడు. పిన్ని గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోతుంది. తర్వాత అరగంట బాబాయిది. చెవుల వెనక నిమురుతూ ఊళ్ళో కబుర్లన్నీ చెబుతాడు. ఒకసారి ఎవరో కొత్తాయన గుమ్మంలో నిలబడి, కుర్చీలో గుడ్డ కప్పుకున్న కుక్కని చూసి, బల్లమీదున్న మాస్టారుని చూసి, "మీ వంతు తర్వాతేనాండీ నాది?" అని వినయంగా అడిగాడు. డాక్టరమ్మకి ఈ కుర్చీ సంగతి చెబితే ఆవిడ పకపకా నవ్వి, "ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది!" అంది. బాబాయి ఛాతీ ఉబ్బిపోయింది.

కానీ గుండు మళ్ళీ కక్కాడు. ఆ మర్నాడూ కక్కాడు. పలచగా చేసి చూశారు, చిక్కగా చేసి చూశారు, లాభం లేకపోయింది. ఆఖరికి దగ్గు పట్టుకుంది, ఒళ్ళు కాలిపోయింది. ఉక్కు బల్లమీద వాడి పక్కటెముకలు ఎగిరెగిరిపడుతుంటే డాక్టరమ్మ చెవుల్లోంచి స్టెతస్కోపు తీసింది.

"తిండి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. మందులిస్తాను, ఈసారికి గట్టెక్కుతాడు. ఇంకోసారి ఇలా అయితే మాత్రం తట్టుకోలేడు. మీ దగ్గర దాచను."

"తిండి పొయ్యడానికి నేరుగా పొట్టలోకే గొట్టం వేస్తారంటగా అమ్మా" అంది పిన్ని.

"వెయ్యొచ్చు పిన్నిగారూ. కానీ మత్తివ్వాలి. ఇంత నీరసంలో మత్తు వాడికి ప్రమాదం. ముందు కొంచెం పుంజుకోవాలి. పుంజుకోవాలంటే తిన్నది నిలవాలి. నాకు అర్థం కానిది ఒక్కటే. మీ ఒళ్ళో ఉన్నన్నాళ్ళూ బాగున్నాడు. అంత మంచి కుర్చీలో ఎందుకు బాగోలేడు?"

"నిటారుగానే కూర్చోబెడుతున్నాను తల్లీ, ఒట్టు" అన్నాడు బాబాయి. ఆ ఒట్టు అబద్ధం కాదు. ఆయనకి తెలిసినంతవరకు అది నిఖార్సైన నిజం.

గుండుని నాలుగు రోజులు ఆసుపత్రిలోనే ఉంచుకుంది డాక్టరమ్మ. ఇల్లు చిన్నబోయింది. బాబాయి కబుర్లు మానేశాడు. కుర్చీలో జనం మెలకువగా కూర్చుని అద్దంలో ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వేళ్ళు తిరుగుతున్నాయి గానీ మనసు అక్కడ లేదు. వాడు పోతాడేమోనన్న భయం ఆయన నోటిదాకా వచ్చేది. పిన్ని ముందు అనలేక మింగేసేవాడు. పిన్ని కూడా అదే పని చేస్తోందని ఆయనకి తెలుసు.

నాలుగోరోజు సాయంత్రం డాక్టరమ్మే వాణ్ని తన బండిలో తీసుకొచ్చింది. గుండు సన్నగా ఉన్నాడు గానీ తోక పనిచేస్తోంది. బాబాయి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ మాత్రం సంచి కింద పెట్టి, నేరుగా వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

"ఇప్పుడు గుండుని నేనే. కడుపునిండా తిన్నాను. మీరు రోజూ చేసేది చేసి చూపించండి."

"అయ్యో, మీకా తల్లీ!"

"నాకు కాదు, గుండుకి. మొహమాటపడితే కరుస్తా."

బల్లమీద మాస్టారు పత్రిక మడిచి పక్కన పెట్టారు. పిన్ని తెర తీసి గుమ్మంలో నిలబడింది. బాబాయి చేతులు గుడ్డకి తుడుచుకుని, గొంతు సవరించుకుని, "ఇదిగో, ఇలా తినిపిస్తానా. తినేశాడు. పిన్ని గిన్నె పట్టుకెళ్తుంది. ఇప్పుడు మూతి తుడిచి, గుడ్డ సర్ది..." అంటూ పనిలో పడ్డాడు. పనిలో పడగానే ఎదురుగా ఉన్నది ఎవరో ఆయన మరిచిపోయాడు. కుడిచెయ్యి మెడ దగ్గర గుడ్డ సర్దుతోంది. ఎడమచెయ్యి దాని దారిన అది వెళ్ళి పిడి లాగింది. డాక్టరమ్మ మెత్తగా, హాయిగా వెనక్కి వాలి, పైకప్పు చూస్తూ ఉండిపోయింది.

"బాబాయ్ గారూ" అంది కదలకుండానే. "నాకిప్పుడు ఏం కనిపిస్తోందో చెప్పనా? ఫ్యాను."

"అవునమ్మా, పాతది, కొంచెం చప్పుడు..."

"నిటారుగా కూర్చున్నవాళ్ళకి ఫ్యాను కనిపిస్తుందా?"

బాబాయి తన ఎడమచేతివంక చూశాడు. అది ఇంకా పిడిమీదే ఉంది. దాన్ని అక్కడ ఎవరో తెచ్చిపెట్టినట్టు చూశాడు. తెలిసి చేసిన పని కాదు. కుర్చీలో ఒక ప్రాణి కూర్చోగానే, అది మనిషో కుక్కో అడక్కుండా, ఆ చెయ్యి ముప్పై ఏళ్ళుగా చేసిన పని చేసేసింది. పోనీ బల్లమీది జనమైనా చూసి చెప్పొచ్చుగా? సెలూను కుర్చీ వాలకపోతే వింతగానీ, వాలితే ఎవడికి వింత!

"వాడు కళ్ళు మూసుకునేవాడమ్మా" అన్నాడు బాబాయి. "నా చేతికింద ఎంత సుఖంగా నిద్రపోతున్నాడో అనుకున్నా. నేనే వాణ్ని..."

ఆ మాట పూర్తి చెయ్యలేక అద్దంవైపు తిరిగాడు. అద్దం ఉన్నది అందుకు కాదు గానీ, ఏడుపంతా అందులో అందరికీ కనబడింది.

డాక్టరమ్మ పిడి తనే వెతుక్కుని లేచి కూర్చుంది. "తప్పు నాది కూడా. కుర్చీ అనగానే సంతోషపడిపోయాను, అది వాలుతుందా అని అడగనే లేదు. ఊరుకోండి. నాకు చాలా సంతోషంగా ఉంది తెలుసా? జబ్బు ముదరలేదు. కుర్చీయే వాలింది."

"చూస్తూ నిలబడతారేం!" అని పిన్ని కస్సుమంది. అప్పటికే ఆవిడ చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. "ఆ పిడి పీకి పారెయ్యండి."

మాస్టారు గతుక్కుమన్నారు. "పూర్తిగా ఎందుకమ్మా, కుక్క తినేటప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉంటే..."

"ఆ చేతిని నమ్మలేను మాస్టారూ" అన్నాడు బాబాయి. నేలమీద కూర్చుని, తన తండ్రి బిగించిన మరలు ఒక్కొక్కటే విప్పాడు. కుర్చీ వీపు వెనక ఒక చెక్క ముక్క దిగ్గొట్టాడు. ఊపి చూశాడు, కదల్లేదు. పిడిని చొక్కా అంచుతో తుడిచి, అద్దం పక్కన మేకుకి వేలాడదీశాడు.

అప్పట్నుంచి ఆ దుకాణంలో గడ్డాలు నిటారుగానే గీయించుకోవాలి. బడిలో పిల్లల్లా మెడలు నిక్కించి కూర్చున్న పెద్దమనుషులు నిద్ర పట్టక ఒకటే సణుగుడు. కొందరు పక్కవీధి సెలూనుకి పోయారు, అక్కడ బాబాయి చెయ్యి దొరకదని తెలుసుకుని తిరిగొచ్చారు. మాస్టారు మాత్రం ఎక్కడికీ పోలేదు. "నా నిద్ర మింగేశావు కదరా" అని గుండుని ఆడిపోసుకుంటూనే, వాడి భోజనం వేళకి తనే లేచి కుర్చీ ఖాళీ చేస్తారు. సగం గడ్డానికి సబ్బు ఉన్నా సరే.

గుండు కక్కడం ఆగింది. పూర్తిగా ఏం ఆగలేదు, అప్పుడప్పుడూ పిన్ని కళ్ళుగప్పి ఏదో మింగి బయట పెట్టేస్తుంటాడు. అయినా డాక్టరమ్మ పలకమీద ముల్లు వెళ్ళినప్పుడల్లా ఇంత ముందుకు జరుగుతోంది. ఆవిడ ఇప్పుడు గొట్టం ఊసెత్తడం లేదు. మొన్న తూచినప్పుడైతే ముల్లు చూసి "ఇక వీడికి డైటింగే!" అంది. బాబాయి సంతోషం పట్టలేక, "మీకు జుట్టు ఎప్పుడు కావాలన్నా కత్తిరిస్తానమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రం గుండు భోజనం చేశాడు. పిన్ని గిన్నె పట్టుకెళ్ళింది. బాబాయి కుడిచేత్తో వాడి మెడ దగ్గర గుడ్డ సర్దుతున్నాడు. ఎడమచెయ్యి మామూలుగానే కిందికి వెళ్ళి, పిడి ఉండే చోట తడుముకుంది. అక్కడ మర ఊడిన చిల్లు తప్ప ఏమీ లేదు. చెయ్యి కాసేపు అక్కడే ఆగి, పైకి వచ్చి గుండు చెవి వెనక చేరింది.

"ఏమయ్యో బాబాయ్" అన్నారు మాస్టారు బల్లమీద నుంచి గుసగుసగా. "వాడి వంక చూడు."

కుర్చీలో నిటారుగా, మెడకి గుడ్డతో, గుండు గురకపెడుతున్నాడు.