సున్నం ఒంటికి పడనిది

మా మేనత్త మూత తీయని సీసాను నమ్మేది కాదు. మూత తీసిన సీసానైతే అసలే నమ్మేది కాదు. గుర్రపు స్వారీ నేర్పే బడిలో ఇరవై రెండేళ్లు గుర్రాల ఆలనా పాలనా చూసింది. దాణా మూట వచ్చినా, మందు వచ్చినా, చివరికి కొత్త చీపురు వచ్చినా ముందు ముక్కు దగ్గర పెట్టుకునేది. అందుకే గుర్రపుశాలలో అందరూ ఆమెను వాసనక్క అనేవారు. ఆ పేరు పెట్టిందెవరో తేల్చాలని కూడా ఆమె చాలా కాలం ఆరా తీసింది.

నేను అదే బడి ఆఫీసులో ఫోన్లు ఎత్తేదాన్ని. అత్తయ్య వాళ్లింట్లోనే ఉండేదాన్ని.

ఆమె చేతి కిందికి వచ్చిన గుర్రాలన్నిటిలో ఎక్కువ కష్టపెట్టింది సున్నం. తెల్లటి ఆడగుర్రం కాబట్టి ఆ పేరు. గుణం వెన్న, చర్మం ఉల్లిపొర. ఒక ఏడాది ఎండలు ముదిరాక, స్నానం చేయించిన ప్రతిసారీ మర్నాటికి మెడ మీద, పక్కల మీద దద్దుర్లు లేచేవి. అది గోడకేసి ఒకటే రుద్దుకునేది. రుద్దుకున్నచోట వెంట్రుకలు ఊడి ఎర్రగా పచ్చిపుండు తేలింది. జీను వేయడానికి వీల్లేకపోయింది.

పశువైద్యురాలు వచ్చి చూసింది. వయసులో చిన్నదే అయినా ఆచితూచి మాట్లాడే మనిషి. మనుషులు వాడే సబ్బులు, షాంపూలు దగ్గరికి రానివ్వొద్దంది. గుర్రాల కోసమే చేసినది, రంగూ వాసనా లేనిది, అందులో ఏమేం కలిపారో చెప్పే జాబితా పొట్టిగా ఉన్నది వెతకమంది. నీళ్లలో బాగా పలచన చేయాలని, నురగ జాడ లేకుండా కడగాలని, కొత్తది ఏది తెచ్చినా ముందు అరచేయంత చోట రాసి రెండు రోజులు ఆగాలని చెప్పింది. అత్తయ్య తలూపుతూ అన్నీ వింది. డాక్టరమ్మ కారు గేటు దాటగానే, ఈ పిల్లకు గుర్రపు సామాన్ల దుకాణంలో వాటా ఏమైనా ఉందేమో కనుక్కోమని నాతో అంది.

ఆ దుకాణం మా వీధి మలుపులోనే ఉంది. అత్తయ్య అక్కడ తెచ్చిన మొదటి సీసా మీద ‘అతి సున్నితం’ అని రాసి ఉంది. నేను మంచివాణ్ణని చెప్పుకు తిరిగేవాణ్ణి ఎవరు నమ్ముతారు అని గొణుక్కుంటూనే, కాస్త పలచన చేసి సున్నం పక్కటెముకల మీద రాసి, కడిగి, తుడిచింది. దద్దుర్లు. రెండోది ఓట్స్‌తో చేసింది. దద్దుర్లు. మూడోదాని జాబితాలో ఉన్నవే నాలుగు మాటలు. దానికీ అంతే.

మూడు సీసాలూ సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్లింది. దుకాణదారు అప్పుడు నలుగురికి కళ్లేలు చూపిస్తున్నాడు.

“సీసాలు అసలువే. లోపలి సరుకే మీది,” అంది అత్తయ్య.

ఆయన ముఖం పాలిపోయింది. “సీలు మీ చేత్తో మీరే విప్పారు కదమ్మా.”

“సీలు మళ్లీ వేయడం ఎంతసేపు?”

ఆయన సీసాలు వెనక్కి తీసుకున్నాడు. ఇక మీకు ఏదీ అమ్మనని చెప్పాడు. చూశావా, తప్పు చేసినవాడికే అంత ఉలుకు అని అత్తయ్య ఇంటికొచ్చి మురిసిపోయింది.

ఆ తర్వాత అనుమానం కుళాయి నీళ్ల మీదికి మళ్లింది. ఏ సబ్బూ లేకుండా ఉత్త నీళ్లతో ఒకచోట కడిగి, తుడిచి చూసింది. మర్నాడు అక్కడా దద్దుర్లే. దొంగ దొరికాడని ఆమె కుళాయికి నీళ్లొచ్చే తొట్టి శుభ్రం చేసేవాడి మీదికి బయల్దేరింది. సగం దారిలో ఆగిపోయింది. సున్నం కాళ్లు రోజూ కడిగేది ఆ నీళ్లతోనే. కాళ్ల మీద ఒక్క దద్దురు లేదు. కాళ్లను మాత్రం ఆమె గుడ్డతో తుడిచేది కాదు, వాటంతటవే ఆరనిచ్చేది.

వెనక్కి వచ్చి తీగ మీది గుడ్డ తీసి వాసన చూసింది. ఏ వాసనా తెలియలేదు. నన్ను పిలిచి చూడమంది. పువ్వుల వాసన గుప్పుమంది. ఆమె కట్టుకున్న బట్టలదీ అదే వాసన కాబట్టి ఆ ముక్కుకు అందలేదు. నా బట్టలు నేనే ఉతుక్కునేదాన్ని కాబట్టి నాకు తెలిసింది.

మా మామయ్య బస్సు నడిపేవాడు. మోకాలు పాడై ఆ ఎండల్లోనే ఉద్యోగం మానేశాడు. నెల రోజులు గోడవైపు తిరిగి పడుకుని, ఒకరోజు లేచి, బట్టలుతికే పని తనదన్నాడు. అత్తయ్య శాల నుంచి తెచ్చే, గుర్రం తుడిచే గుడ్డలంటే ఆయనకు మరీ శ్రద్ధ. సబ్బుపొడి రెండింతలు వేసేవాడు, మెత్తబడాలని ఆఖరి నీళ్లలో సువాసన ద్రవం పోసేవాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ పాపం ప్రేమకొద్దీ చేశాడు.

అత్తయ్య ఆయనతో ఆ మాట అనలేదు. గుడ్డలు శాలలోనే ఉత్త నీళ్లలో జాడించి ఆరేసుకుంది. గుడ్డలు ఇంటికి రాకపోయేసరికి నాలుగు రోజులకు మామయ్యకే అనుమానం వచ్చింది. తన ఉతుకు బాగాలేదని శాలలో ఎవరైనా అన్నారా అని నన్ను నిలదీశాడు. అత్తయ్యనే అడగమన్నాను. అన్నం దగ్గర ఆమెనే అడిగాడు. ఇక దాచలేక మొత్తం చెప్పింది.

“ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు?” అన్నాడు మామయ్య.

“చెబితే మానేస్తారని.”

“గుడ్డలు ఉతకడమా?”

“అన్నీ. మళ్లీ గోడవైపు తిరుగుతారని.”

ఆయన అన్నం తినడం ముగించాడు. తర్వాత, ఆ గుర్రాన్ని రేపు ఒకసారి చూపించమన్నాడు. కర్ర పట్టుకుని వచ్చి, దాని మెడ మీద ఊడిన చోటును చాలాసేపు చూశాడు. గుడ్డలన్నీ మూటగట్టి ఇంటికి తీసుకెళ్లి, వేడినీళ్లలో ఉడికించి, వాసన పోయేదాకా ఏడుసార్లు జాడించాడు.

ఇక మిగిలింది దుకాణం. అత్తయ్య పొద్దున్నే వెళ్లి, తప్పు తనదేనని దుకాణదారుతో అంది.

“ఆ మాట నలుగురిలో అన్నారమ్మా. ఇదీ నలుగురిలోనే అనండి,” అన్నాడు ఆయన.

దుకాణంలో ఒక్కరూ లేరు. ఆమె స్టూలు మీద కూర్చుని, మనుషులు వచ్చేదాకా గంటన్నర ఎదురుచూసింది. ముగ్గురు కొనేవాళ్లు చేరాక లేచి నిలబడి, ఈయన సరుకు మంచిదని, కల్తీ అన్న తన మాట అబద్ధమని చెప్పింది. వాళ్లలో ఒకావిడ కళ్లు చిన్నవి చేసి, ఇలా చెప్పమని ఈయన మీకేమైనా ఇచ్చాడా అని అడిగింది. దుకాణదారుకు నవ్వు ఆగలేదు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. ఆవిడ అడిగిన దాంట్లో తప్పేముందని ఇంటికొచ్చాక నాతో అంది.

ఆ రోజు ఓట్స్ సీసా తెచ్చింది. అరచేయంత చోట రాసి, రెండు రోజులకు బదులు ఐదు రోజులు ఆగింది. ఏమీ కాలేదు. వానలు మొదలయ్యేసరికి సున్నం మెడ మీద పొట్టి వెంట్రుకలు మెత్తగా మొలిచాయి. మళ్లీ జీను వేసిన రోజున మామయ్య కంచె పక్క బల్ల మీద కూర్చుని, అది మూడు చుట్లు తిరిగేదాకా చూసి ఇంటికి వెళ్లాడు.