ఉపవాస ప్రార్థనలో నాలుగు ఇడ్లీలు

ఆ రోజుల్లో నాకు వాక్యం తెలిసినంతగా ఆకలి తెలియదు. తొంభైల చివర్లో బందరులో బైబిలు తర్ఫీదు ముగించుకుని, హంసలదీవి దారిలో ఒక చిన్న సంఘానికి సహాయకుడిగా చేరిన కొత్త. లోకంలోని శ్రమలన్నిటికీ నా నోటుబుక్కులో అర్థం రాసి ఉందనుకునేవాణ్ణి (ఎర్ర సిరాతో గీతలు కూడా గీశాను). సంఘ కాపరి పెద్దయ్యగారు జ్వరంతో పడుకుని, "శుక్రవారం ఉపవాస ప్రార్థన నువ్వే నడిపించవయ్యా. బాగా చేస్తే ఈ సంఘం నీకే ఇమ్మని పైవాళ్ళకి చెప్తాను" అన్నారు. నేను హెబ్రీ పత్రిక ఐదో అధ్యాయం ఎంచుకున్నాను. కుమారుడై ఉండి కూడా శ్రమల వల్ల విధేయత నేర్చుకున్న ప్రభువు గురించి గంటన్నర ప్రసంగం. అంతసేపు మాట్లాడడానికి ఓపిక కావాలి కదా అని పొద్దున్నే అవనిగడ్డ బస్టాండులో నాలుగు ఇడ్లీలు తిన్నాను (సాంబారు రెండోసారి అడిగి మరీ పోయించుకున్నాను).

మా సంఘంలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు చెప్పుకుంటారు. మాటకొక స్తోత్రం అంటుంది కాబట్టి అందరూ స్తోత్రం మామ్మ అని పిలిచే ముసలావిడ ముందుగా లేచింది. "దేవుడికి స్తోత్రం. పొద్దున్న కళ్ళు తిరుగుతుంటే సగం గ్లాసు టీ తాగానయ్యా. ఉపవాసం చెడింది, ప్రభువు క్షమించాలి" అని కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ వెనుక ఒకావిడ అరటిపండు ఒప్పుకుంది, ఇంకొకాయన బీడీ. వాళ్ళందరి తరఫున దేవుడి ముందు నిలబడవలసినవాణ్ణి నేను. తెరిచిపెట్టుకున్న అధ్యాయంలోనే, యాజకుడు ప్రజల పాపాల కోసమే కాక తన పాపాల కోసమూ అర్పించాలన్న మాట కనిపించింది. దాని కింద నేను గీత గీయలేదు. నోరు మూసుకుంటే సంఘం దక్కుతుంది, తెరిస్తే పరువు పోతుంది. సిగ్గుతో చచ్చిపోయాను గాని, మామ్మ ముఖం చూశాక దొంగ ప్రార్థన నోట రాలేదు.

"నేను నాలుగు ఇడ్లీలు తిన్నానండి" అన్నాను.

మామ్మ కళ్ళొత్తుకోవడం ఆపి, "సాంబారా, చట్నీయా బాబూ?" అంది.

"రెండూనండి."

మందిరమంతా నవ్వింది. "సరేలెండి. మీకు ఆకలి లేదుగా, మూడింటికి ఉపవాసం విడిచేటప్పుడు మా అందరికీ మీరే వడ్డిద్దురుగాని" అని తీర్పు చెప్పింది మామ్మ. ప్రసంగం పది నిమిషాల్లో ముగించాను. నడుముకి తువ్వాలు చుట్టుకుని అన్నం, పప్పుచారు, వంకాయకూర వడ్డిస్తూ పోతే, నా వంతు వచ్చేసరికి గిన్నెలో మాడు మిగిలింది. ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి. "ఇప్పుడు చెయ్యండి బాబూ ప్రార్థన. మా ఆకలేంటో మీక్కూడా తెలిసింది" అంది మామ్మ. చేశాను. అంత నిండుగా మళ్ళీ ఎప్పుడు చేశానో గుర్తులేదు. సంగతి విని పెద్దయ్యగారు వారం రోజులు నవ్వి, సంఘాన్ని నాకే ఇప్పించారు.

ఇప్పుడు నన్నే పెద్దయ్యగారంటున్నారు. షుగరు ఉంది కాబట్టి ఉపవాసం వద్దని వాళ్ళే చెప్పి, ప్రార్థనకి ముందే టిఫిను పెడుతున్నారు. నేను ఒప్పుకోవలసినదేమీ లేకుండా పోయింది. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. నిజం చెప్పొద్దూ, నాలుగు ఇడ్లీలకే దేవుడి ముందు అంతగా వణికిపోయినవాడి మీద కాస్త అసూయ కూడా.