స్టోర్‌కీపర్ ఎడమ చెయ్యి

కంప్యూటరు ప్రోగ్రాములు రాసే సి భాషలో ఫైలుకు దారి రాసేటప్పుడు, ఏ డైరెక్టరీ (ఫోల్డరు) నుంచి బయలుదేరాలో చెప్పకపోతే ప్రోగ్రాము తానున్న చోటి నుంచే వెతికి, ఫైలే లేదంటుంది. అలా అన్నప్పుడల్లా నాకు, డెబ్బైల్లో నేను పనిచేసిన పటాన్‌చెరు ఫ్యాక్టరీలోని స్టోర్‌కీపర్ గుర్తొస్తాడు.

హత్నూర అనే ఊరి మనిషి. కుర్చీలోంచి లేచేవాడు కాదు. ఏ సామాను అడిగినా ఏదో ఒక చెయ్యి చాపి, "గిటు దిక్కు, రెండో బీరువా" అనేవాడు. ఒక ఎండాకాలం ఫ్యాను గాలి కోసం కుర్చీని ఎదుటి గోడకు మార్చి, ఇటు తిరిగి కూర్చున్నాడు. మర్నాడే మెషీను ఆగిపోయింది. బేరింగు కోసం పరుగెత్తుకొచ్చాను. అలవాటుగా ఎడమ చెయ్యి చాపాడు. అటు వెళ్తే అన్నీ ఫినాయిలు సీసాలే.

"మీ ఎడమ వైపే చూశానండీ!"

"ఇప్పటి ఎడమ గాదయ్యా, నిన్నటి ఎడమ!"

ఫ్యాను వదల్లేక, కుర్చీ ఉండే పాత చోట ఒక స్టూలు వేయించాడు. "ఇగ నేనేడ కూసున్నా, లెక్క మాత్రం గా స్టూలు కాడికెల్లే." మేమంతా ముందు స్టూలు మీద గోడకు ఆనుకుని కూర్చుని, అతను చెప్పిన చెయ్యి చాపి చూసుకుని, అప్పుడు వెతకడానికి లేచేవాళ్లం.

ఒకరోజు తనిఖీకి వచ్చిన మేనేజరు, అలసిపోయి ఆ స్టూలు మీదే గోడకు ఆనుకుని కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే నేను మళ్లీ బేరింగు కోసం వెళ్లాను. స్టోర్‌కీపర్ ఫ్యాను కింది నుంచి కదల్లేదు.

"సార్, జెర మీ ఎడమ చెయ్యి సాపుండ్రి."

మేనేజరు అయోమయంగా చాపారు.

"సార్ చెయ్యి దిక్కు పో, రెండో బీరువా," అన్నాడు నాతో.

బేరింగు దొరికేదాకా మేనేజరు చెయ్యి దించలేదు.