తొమ్మిది అని రాశాను

హైదరాబాద్‌లో ఆ కంపెనీ వాళ్ళు నాకు టీ ఇవ్వలేదు. ముందు అదే చెబుతాను. ఆరుగురం పరీక్షకు వెళ్ళాం. ట్రే నా దగ్గరికి వచ్చేసరికి కప్పులు అయిపోయాయన్నారు. ట్రేలో ఇంకా రెండు కనబడుతూనే ఉన్నాయి. ఇది జరిగి మూడేళ్ళయింది. చిన్న విషయమని మా అమ్మ అంటుంది. చిన్నదే. కానీ జరిగింది.

ఉద్యోగం పేరు సాఫ్ట్‌వేర్ ప్యాకేజింగ్ స్పెషలిస్టు. మా కాలనీలో అడిగినవాళ్ళకు ఇట్లా చెప్పేదాన్ని: ఒక ఆఫీసులో ఐదు వందల కంప్యూటర్లుంటే ప్రతిదాని ముందూ కూర్చుని కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించలేం. ఎవరూ ముట్టుకోకుండా దానంతట అదే అన్నిట్లోకీ ఎక్కేలా మూట కట్టి పంపాలి. గోదావరిఖనిలో ఆఫీసులకు కంప్యూటర్ల పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర నాలుగేళ్ళు నేను చేసింది ఆ మూటలు కట్టే పనే. అతని రికార్డులో మాత్రం నేను టైపిస్టును. అనుభవం సర్టిఫికెట్ అడిగితే, "నువ్వు కొట్టింది కీబోర్డే గదమ్మా, టైపిస్టువు గాకుంటే ఏమైతవ్?" అని నవ్వాడు. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

సర్టిఫికెట్ అడగని కంపెనీ హైదరాబాద్‌లో నాకు దొరికింది అదొక్కటే. పని చేసి చూపిస్తే చాలన్నారు. అది కూడా తప్పిపోతే జన్మంతా టైపిస్టుగానే మిగలాలి.

గదిలో పది కంప్యూటర్లున్నాయి. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, గంట టైమిచ్చి, పదింటిలోకీ ఒక సాఫ్ట్‌వేర్ పంపమన్నారు. చివర ఎన్ని పూర్తయ్యాయో షీటులో రాసి సంతకం పెట్టాలి. మనిషి మారినప్పుడల్లా కంప్యూటర్లను మళ్ళీ మొదటి స్థితికి తెచ్చేవారు. పరీక్ష పెట్టే ఆయన నా దరఖాస్తు చూసి, "గోదావరిఖనా? అక్కడ దొరికేది బొగ్గు కదా" అన్నాడు. నేను నవ్వలేదు.

నా పద్ధతి మా బాపు దగ్గర నేర్చుకున్నది. ఆయన బొగ్గుబాయి మీద లాంపు రూములో పనిచేశాడు. కిందికి దిగే ప్రతి మనిషికీ నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ ఇచ్చేవాడు. పైకి వచ్చాక దాన్ని తీసుకుని బోర్డు మీద ఆ నంబరు మేకుకు తగిలించేవాడు. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలున్నట్టే. అప్పుడు బోర్డు మూయడానికి వీల్లేదు. ఒకసారి షిఫ్టు అయిపోయినా ఒక మేకు ఖాళీగా ఉండిపోయింది. అందరూ వచ్చేశారని పైవాళ్ళు అన్నా బాపు వినలేదు. తర్వాతి షిఫ్టును ఆపించి, వెతకడానికి మనుషుల్ని కిందికి పంపించాడు. చివరికి ఆ మనిషి ఇంట్లో అన్నం తింటూ దొరికాడు. బిళ్ళ అతని టిఫిను డబ్బాలో ఉంది. బాపుకు మెమో ఇచ్చారు. రిటైరయ్యేదాకా క్యాంటీన్‌లో "కాకా, బిళ్ళ దొరికిందా?" అని ఆటపట్టించారు. "దొరికింది గాబట్టే నవ్వుతున్రు" అనేవాడు బాపు.

నా మూటలూ అంతే. సాఫ్ట్‌వేర్ ఎక్కితే సరిపోదు. ఒకసారి తెరుచుకుని పనిచేస్తేనే ఆ కంప్యూటరు నంబరు నా జాబితాలోకి వస్తుంది.

ఆ రోజు నలభై నిమిషాల్లో తొమ్మిది నంబర్లు వచ్చాయి. పదోది రాలేదు. కంపెనీ వాళ్ళ తెర మీద మాత్రం పదింటికీ ఆకుపచ్చ టిక్కులు పడ్డాయి. పదో కంప్యూటరు ముందు కూర్చుని ఆ సాఫ్ట్‌వేర్‌ను నేనే తెరిచి చూశాను. ఒక్క క్షణం కనబడి మాయమైంది. మళ్ళీ మూడుసార్లు ఎక్కించినా అంతే. గంట అయిపోయింది.

"ఇంకో పది నిమిషాలివ్వండి సార్, కారణం కనుక్కుంటాను."

"టిక్కు పడింది కదమ్మా. పది అని రాసి సంతకం పెట్టేయండి."

"తెరుచుకోవడం లేదు సార్."

"ఒక్కటే కదా!"

"బాయిల మనిషి ఉండిపోతె గూడ ఒక్కడే గదా అంటరా సార్?"

కోపంలో మా ఊరి మాట వచ్చేసింది. ఆయన ముఖం ముడుచుకున్నాడు. నేను తొమ్మిది అని రాసి సంతకం పెట్టాను.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చున్నది పెద్దపల్లి అతను. నాకంటే ముందు పరీక్ష రాసి వచ్చినవాడు.

"అక్కా, నాకు గూడ పదోది తెరుసుకోలే" అన్నాడు.

"మరి ఏం రాసినవ్?"

"పది రాసిన. టిక్కు వాళ్ళదే, నాదేం పోయింది?"

"రేపు ఎవరన్న దాని ముంగట కూసుంటే?"

"కూసున్నోడు ఫోన్ చేస్తడు, అప్పుడు సూద్దాం. నువ్వేందక్కా, నౌకరీకి అచ్చినవా, పంచాదికి అచ్చినవా?"

వారం తిరక్కుండా ఉద్యోగం అతనికి వచ్చింది. నాకు మెయిల్ వచ్చింది: ఇచ్చిన సమయంలో పని పూర్తి చేయలేకపోయారని. పదో కంప్యూటరు ఎందుకు తెరుచుకోలేదో చెప్పమని జవాబు రాశాను. వాళ్ళు పలకలేదు. మళ్ళీ రాశాను.

ఆరు నెలలకు అతనే ఫోన్ చేశాడు.

"అక్కా, ఆ పదోది ఖరాబు మిషనంట. తీసి మూలకేసిన్రు."

"నా సంగతి ఎవరన్న అన్నరా?"

"ఎవలు యాది పెట్టుకుంటరక్కా?"

అతని గొంతులో వెటకారం లేదు. అందుకే ఎక్కువ మండింది.

ఇప్పుడు మంచిర్యాలలో ఒక దుకాణంలో పనిచేస్తున్నాను. ఒక్కో కంప్యూటరు ముందూ కూర్చుని సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తాను. ఏ పని అక్కర్లేకుండా చేయడం నేర్చుకున్నానో ఆ పనే. ఆ కంపెనీ వాళ్ళు ఏటా మనుషులు కావాలని ప్రకటన ఇస్తారు. ఏటా దరఖాస్తు పంపుతాను. మొదటి వాక్యం మారదు: "మీ పదో కంప్యూటరు పాడైనదని నాకు ఇంతవరకూ రాతపూర్వకంగా తెలియజేయలేదు." ఇట్లా రాస్తే ఎవరిస్తారే కొలువు, అంటుంది అమ్మ. నాకూ తెలుసు. ఆ వాక్యం తీసేస్తే పిలుస్తారేమో కూడా. తీయను.

మొన్న మూడోసారి పంపాను. బాపు మంచం మీద కూర్చుని టీ తాగుతూ చూశాడు.

"బిళ్ళ అచ్చిందా బిడ్డా?"

"రాలే బాపు."

"అయితే బోర్డు ముయ్యకు" అని, కప్పు కింద పెట్టి, అమ్మను నాకు కూడా టీ పొయ్యమన్నాడు.