కూత మధ్యలో మోగిన గంట

పోయిన సోమవారం మా గంట తాత కన్నుమూశాడు. ఆయనకు మంచి పేరే ఉంది గానీ, మల్కాపురంలో మా గ్రౌండు చుట్టుపక్కల ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. పోర్టులో ఖలాసీగా రిటైరయ్యాక మా చర్చిలో గంట కొట్టేవాడు. మా పక్కింటాయన.

గ్రౌండుకి ఇటు మా పేట, అటు పక్క ఊరు. మాకో చర్చి, వాళ్ళకో చర్చి. వాళ్ళ చర్చికి మైకే గానీ గంట లేదు. అందుకని కబడ్డీ ఎవరు ఆడినా, సాయంత్రం ఆరింటికి తాత గంట కొడితే ఆట అయిపోయినట్టే. కూత మధ్యలో ఉన్నా సరే.

ఆయన రోజూ పొద్దున్నే రేడియో వార్తలు పెట్టుకుని వాచీ సరిచూసుకునేవాడు. అంత నిక్కచ్చి మనిషీ, మీరు నమ్మరు గానీ, పెళ్ళి భోజనాలకు మాత్రం గంట ముందే వెళ్ళి కూర్చునేవాడు.

నేను పదో తరగతిలో ఉండగా మా పేట అమ్మాయిలం పక్క ఊరి అమ్మాయిలతో ఫైనల్ ఆడాం. వాళ్ళు ఒక్క పాయింటు ముందున్నారు. నేను కూతకు వెళ్ళి, ఇద్దరిని తాకి గీత వైపు దూకాను. కాలు నేలకు ఆనకముందే గంట మోగింది. కప్పు వాళ్ళు పట్టుకుపోయారు.

తిన్నగా తాత గుమ్మం ముందుకెళ్ళి నానా మాటలూ అన్నాను. కళ్ళద్దాలు తుడుచుకుంటూ అన్నీ విన్నాడు.

"నీ కోసం నాను గంట ఆపితే, ఆళ్ళ పిల్లలు రేపు మన గ్రౌండుకి ఎందుకొత్తారే? అప్పుడెవుల్తోటి ఆడతావు? రా, సేపల కూర తిని ఎల్లు."

తిన్నాను. అయినా వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తాత శవపెట్టెను మోసింది పక్క ఊరివాళ్ళే. మర్నాడు ఆయన పేరు మీద రెండు ఊళ్ళ అమ్మాయిలూ ఆడారు. ఆరు కావస్తుంటే అందరూ గంట వైపు చూశారు. ఆనాటి ఫైనల్లో నా కాలు పట్టుకోబోయి పట్టు తప్పిన పక్క ఊరి అమ్మాయి ఇప్పుడు చేపలమ్ముతోంది. నా భుజం తట్టింది.

"ఏటే అలా సూత్తన్నావు? నువ్వే కొట్టు. తాత పక్కింటిదానివి, నీ మీద మాకు నమ్మకం."

నా జీవితంలో అంతకంటే పెద్ద కప్పు ఎవరూ ఇవ్వలేదు.

మావాళ్ళు ఒక్క పాయింటు వెనకున్నారు. మా పేట పిల్ల కూతలో ఉంది. గంట తాడు చివరి ముడి తాత చేతి రాపిడికి నున్నగా ఉంది. వాచీ చూసుకుని, ఆరు కాగానే లాగాను.

ఆ పిల్ల గీతకు అడుగు దూరంలో ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను కొరకొరా చూసింది.